విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

సంగీతమునందు రుచిగల నలుగురు ఒకచోట చేరినప్పుడు, వాగ్గేయకారులలో నీ కిష్టుడెవడను ప్రశ్న పుట్టక మానదు. ఒకరు త్యాగరాజస్వామి పేరు చెప్పుదురు. ఒకరు అన్నమాచార్యు నందురు. పదములు విన్నవారు మొవ్వ క్షేత్రయ్యను, భజనలలో పెరిగినవారు భద్రాచల రామదాసును తలంతురు. శాస్త్రము కొంత చదివినవారు శ్యామశాస్త్రినో, ముత్తుస్వామి దీక్షితులనో ముందు నిలుపుదురు. పిమ్మట వాదము పెరుగును, రాత్రి గడచును, ఎవరి యింటికి వారు పోవుదురు. ఆ మాట చెప్పినందుకు ఎవరికిని కాసు ఖర్చు కాదు.

అయితే అదే ప్రశ్నకు తన నగలను, తన ఇంటిని, తన శేషజీవితమును ఉత్తరముగా నిచ్చిన స్త్రీ యొకతె యుండెను. ఆమెయే విద్యాసుందరి యను బిరుదముతో దక్షిణదేశమున ప్రసిద్ధి నొందిన బెంగుళూరు నాగరత్నమ్మ. ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు నుండి పంచరత్న కృతుల గానము ఆకాశవాణి ద్వారా మన యిండ్లకు వచ్చుచున్నది. సింహాచలము కొండనీడ నున్న మన గోపాలపట్నములో కూర్చుండి ఆ గానము వినువారిలో, కావేరీతీరమున ఆ గానమునకు నిలువనీడ కల్పించిన దెవరో ఎరిగినవారు తక్కువ. ఆమె చరిత్ర సంగీతప్రియులకే కాదు, గ్రంథాలయమును ప్రేమించువారి కందరికిని తెలియదగినది. ఆమె ఒక సమాధిని మాత్రమే కాక, ఒక తెలుగు పుస్తకమును గూడ నాశనము నుండి కాపాడిన వ్యక్తి.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానమందలి నంజనగూడులో జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులమునకు చెందినది. ఆ కులపు స్త్రీలకు చదువు, సంగీతము, నాట్యము కులవిద్యలు. తక్కిన కులముల ఆడుపిల్లలకు అక్షరము నేర్పుటే తప్పని తలంచిన కాలమున వీరు కావ్యములు చదివిరి, అలంకారశాస్త్రము నేర్చిరి, సభలలో పండితులతో ప్రసంగించిరి. లోకము మాత్రము వారి విద్యను మెచ్చుకొనుచునే వారి బ్రదుకును నిందించుచుండెను. మన విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదటిసారి ప్రదర్శింపబడినది 1892లో. ఆ నాటకమందలి మధురవాణిని మెచ్చనివారు మన ప్రాంతమున లేరు. నాటకమునందు మధురవాణి తెలివితో చప్పట్లు కొట్టించుకొనుచున్న ఆ దినములలోనే, సజీవమైన మధురవాణివంటి బాలిక యొకతె మైసూరులో చదువుకొనుచుండెనని ఊహించుకొనవచ్చును.

తండ్రి యండ ఆమెకు లభింపలేదు. తల్లి పట్టుదలతో కుమార్తెకు సంస్కృతము, కన్నడము, తెలుగు, ఇంగ్లీషు నేర్పించెను. సంగీతమున ఆమెకు గురువైన మునుస్వామప్ప త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవాడు. స్వామి ముఖ్యశిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు ఒకరు. ఆయన శాఖనుండియే ఈ విద్య ఆమెకు సంక్రమించెను. కావున త్యాగరాజకృతులు ఆమెకు పుస్తకములో చూచి నేర్చుకొన్న పాటలు కావు, గురుముఖమున వచ్చిన సొత్తు. చిన్నవయసుననే తల్లి గతించినను విద్య ఆగలేదు. పదునైదేండ్ల ప్రాయమున విద్వాంసుల యెదుట తొలిసారి సభకెక్కి మన్ననలందెను. మైసూరులోను, బెంగుళూరులోను ఆమె గానమునకు కీర్తి వ్యాపించెను. న్యాయమూర్తి నరహరిరావుగారి ప్రోత్సాహమున ఆమె బెంగుళూరు విడిచి చెన్నపట్టణము చేరెను.

ఆనాటికి చెన్నపట్టణము సంగీతమునకు ముఖ్యస్థానము. వీణ ధనమ్మాళ్ వంటి మహావిదుషి అక్కడనే యుండిరి. ఆ నగరమున నాగరత్నమ్మ కచేరీలు చేసెను, హరికథలు చెప్పెను, గ్రామఫోను రికార్డు లిచ్చెను. ఆమె సంపాదన బాగుగా పెరిగెను. చెన్నపట్టణమున ఆదాయపు పన్ను చెల్లించిన మొదటి గాయని ఆమెయే యని చెప్పుదురు. గానముచే వచ్చిన ధనమును దాచుకొనుట, లెక్క వ్రాసికొనుట, తన వ్యవహారములు తానే చక్కపెట్టుకొనుట ఆమె యెరుగును. తరువాత ఆమె చేసిన త్యాగము లోకజ్ఞానము లేని భక్తురాలి ఆవేశము కాదు; ప్రతి రూపాయి విలువ తెలిసినదాని నిర్ణయము. ఈ సంగతి మరువరాదు.

ఆమె జీవితమున మొదటి పరీక్ష సంగీతమువలన గాక సాహిత్యమువలన వచ్చెను. తంజావూరు నేలిన మహారాష్ట్ర ప్రభువులలో ప్రతాపసింహుడు 1739 మొదలు 1763 వరకు రాజ్యము చేసెను. ఆయన ఆస్థానమున ముద్దుపళని యను తెలుగు కవయిత్రి యుండెను. ఆమెయు వేశ్యాకులమున పుట్టినదే. ఆమె రాధికాసాంత్వనము అను శృంగార ప్రబంధమును రచించెను. రాధాకృష్ణుల ప్రణయమును, రాధ యలుకను, ఆ యలుక తీర్చుటను స్త్రీదృష్టితో చెప్పిన కావ్యమది. ఈ గ్రంథము 1887లో అచ్చుపడినది గాని అందు కవయిత్రి తన గురువులను, తన యింటి స్త్రీలను స్మరించిన భాగమును, మరికొన్ని పద్యములను విడిచిపెట్టిరి. వ్రాసినది ఆడుదియని తెలియకుండ పోవు స్థితి యేర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని పాండిత్యమును ఒప్పుకొనుచునే, స్త్రీ యిట్టి శృంగారము వ్రాయుట సిగ్గుచేటని తీవ్రముగా నిందించిరి.

నాగరత్నమ్మకు ఈ కావ్యము ప్రాణతుల్యము. ఆమె వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో సరిపోల్చి, తొలగిన భాగములను చేర్చి, 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారా ప్రకటించెను. దానికి పీఠికయు తానే వ్రాసెను. ఆ పీఠికలో పంతులుగారి ఆక్షేపమునకు మర్యాదగనే యైనను సూటిగా బదులు చెప్పెను. పురుషులు రచించిన కావ్యములలో ఇంతకు మించిన శృంగారమున్నను దోషము లేదనుచు, స్త్రీ వ్రాసినంతనే దోషమనుట యే ధర్మమని ఆమె వాదము. సంఘసంస్కరణమునకు వీరేశలింగముగారు చేసిన సేవ అసామాన్యము. వితంతువుల కన్నీరు తుడిచిన చేయి ఆయనది. అట్టి పెద్దను ఎదిరించి, ఒక వేశ్యాకులపు గాయని, మరణించి నూరేండ్లు దాటిన మరొక వేశ్యాకులపు కవయిత్రి పక్షమున నిలుచుట సాహసమే.

ఫలితము మంచిది కాలేదు. గ్రంథము అశ్లీలమని కొందరు పత్రికలలో గోలచేసిరి. ప్రభుత్వమువారు 1911లో దానిపై చర్య గైకొని ప్రతులను స్వాధీనము చేసికొనిరి. పండితులు విజ్ఞప్తులు పంపిరి గాని ప్రయోజనము కలుగలేదు. ముప్పదియైదేండ్లకు పైగా ఆ పుస్తకము దొంగసొత్తువలె చాటున బ్రదికెను. తుదకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రభుత్వమున ప్రధానిగా నుండగా ఆ నిషేధమునకు తెరపడెను. వావిళ్ళవారు 1952లో దానిని మరల ముద్రించిరి. నాగరత్నమ్మ కన్నుమూసినది ఆ సంవత్సరముననే.

ఇక రెండవ కార్యము చెప్పవలయును. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు ముగ్గురును తిరువారూరునందే జన్మించిరి. ముగ్గురును సమకాలికులు. దీక్షితులు సంస్కృతమున గంభీరమైన కృతులు రచించెను. శ్యామశాస్త్రి కృతులు సంఖ్యలో తక్కువయైనను తాళవైచిత్రికి పేరుబడినవి. త్యాగరాజస్వామి తెలుగుననే, ఇంటిలో తల్లితో మాటలాడు తెలుగున, రామునితో వేడుకొనుచు, కసరుచు, వేళాకోళమాడుచు పాడెను. ఏడువందల వరకు ఆయన పాటలు నేడు లభించుచున్నవి. శరభోజి మహారాజు ఆస్థానమునకు పిలిచినను పోక ఉంఛవృత్తితో జీవించెనని చెప్పుదురు. ఈ ముగ్గురిలో గొప్పవారెవరని తూచుట పండితులకును కష్టము. నాగరత్నమ్మ తూచలేదు, ఎన్నుకొనెను. గురుపరంపర ఒక కారణము కావచ్చును, తెలుగు నుడి ఒక కారణము కావచ్చును. స్వామి కృతులలో స్త్రీలోలతను, సంసారవ్యామోహమును నిందించునవి కలవు. లోకము తన కులముపై విసరిన రాళ్ళలో ఆ నిందయు నొకటిగా ఆమె తలంచియుండవచ్చును. అట్లు తలంపక, ఆ పాటలను తనకొరకు తానే పాడుకొను ప్రార్థనలుగా గ్రహించెను.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారున సిద్ధిపొందెను. అంతకు ముందే ఆపత్సన్న్యాసము స్వీకరించెను గనుక దేహమును కావేరియొడ్డున సమాధి చేసి బృందావనము కట్టిరి. శిష్యులు తలకొక యూరికి చెదరిపోయిరి. పాటలు దేశమంతట వ్యాపించెను గాని పాటలు కట్టిన వాని సమాధిని చూచు దిక్కు లేకపోయెను. 1903 ప్రాంతమున ఉమయాళపురము కృష్ణభాగవతులు, సుందరభాగవతులు అను స్వామి శిష్యులు వృద్ధాప్యమున అచ్చటికి వచ్చి, శిథిలమైన బృందావనమును గుర్తించి బాగుచేయించిరి. తరువాత విద్వాంసులు ఏటేట ఆరాధన జరుప మొదలిడిరి. అందును త్వరలోనే పెద్దకక్షి, చిన్నకక్షి యని రెండు పక్షములేర్పడెను. స్వామి సన్నిధిని ఎవరు ముందు పాడవలయునను తగవులు నడుచుచుండ, సమాధిచుట్టు మరల పొదలు పెరిగెను.

1921లో ప్రసిద్ధ విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు ఈ దుస్థితిని చూచి మనసు నొచ్చి నాగరత్నమ్మకు తెలిపిరి. త్యాగరాజస్వామి స్వప్నమున కనిపించి ఆజ్ఞాపించెనని ఆమె నమ్మెను. స్వప్నము సంగతి ఎట్లున్నను, మేల్కొన్న తరువాత ఆమె చేసిన పని లెక్కకు అందునది. తిరువయ్యారు వెళ్ళెను. ఆ స్థలము ఎవరి అధీనమున నున్నదో విచారించెను. రెవిన్యూ అధికారులను కలిసికొనెను. హద్దులు తేల్చి భూమిని సంపాదించెను. భూమి తగవులు చూచినవారికి ఇందలి కష్టము చెప్ప నక్కరలేదు. పరదేశమునుండి వచ్చిన ఒంటరి స్త్రీ, అందును దేవదాసి, కచేరీల చుట్టు తిరిగి హక్కు నిర్ణయింపజేసికొనుట, వేయిమంది యెదుట రాగము పాడుటకంటె తేలిక కాదు.

1921 అక్టోబరు 27వ తేదీన కోవెలకు శంకుస్థాపన జరిగెను. ఆమె తన నగలను విక్రయించెను, కచేరీలలో వచ్చిన ధనమును తెచ్చి పోసెను. రాయి, సున్నము, కూలి, శిల్పి, ప్రతిదానికిని ఆమె చేతి సొమ్మే ప్రధానముగ వ్యయమయ్యెను. సమాధివద్ద త్యాగరాజస్వామి విగ్రహమును ప్రతిష్ఠింపజేసి, నిత్యపూజ కేర్పాటు గావించెను. 1925 జనవరి 7వ తేదీన కుంభాభిషేకము జరిగెను. దక్షిణదేశ సంగీతవిద్వాంసులందరికిని తలవంచి నమస్కరించుటకు ఒక చోటు ఏర్పడెను.

ఆ కోవెల కట్టించిన ఆమెకే ఆ సన్నిధిని పాడుటకు అనుమతి లేకపోయెను. ఆరాధన జరుపు పక్షములు రెండును స్త్రీలను పాడనీయలేదు. పురుషులు పాడవచ్చును, నాదస్వరవిద్వాంసులు వాయింపవచ్చును. ఆడుది మాత్రము గొంతెత్తరాదు. ధనము స్వీకరించిన చోట గానమును స్వీకరింపకుండుట ఏమి న్యాయమని నాగరత్నమ్మ అడిగెను. అడిగి ఊరకుండలేదు. కోవెల తన సొమ్ముతో కట్టినదని తలుపు మూసి తాళము వేయనులేదు. ఆమె మూడవ మార్గమును త్రొక్కెను. 1927 ప్రాంతమున తన కులపు గాయనీమణులను కూడగట్టి, సన్నిధికి వెనుకభాగమున స్త్రీల ఆరాధన ఆరంభించెను. ముందర పురుషులు, వెనుక స్త్రీలు. స్వామి మాత్రము ఒక్కడే. ఇట్లు పెద్దకక్షి, చిన్నకక్షి, స్త్రీలకక్షి యని మూడేర్పడెను.

ఆ 1927వ సంవత్సరముననే మదరాసు శాసనసభలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ సంప్రదాయమును మాన్పించుటకై ఉద్యమించిరి. బాలికలను దేవుని పేర అంకితము చేసి బ్రదుకు చెరచుట మాన్పవలయునన్న ఆమె సంకల్పము ఉత్తమమైనది. నాగరత్నమ్మ దేవదాసీల సంఘమునకు అధ్యక్షురాలై ఆ ఉద్యమమును ఎదిరించెను. దురాచారమును ఖండించు నెపమున కళను, ఆస్తిహక్కును, ఒక కులపు స్త్రీల గౌరవమును గూడ తుడిచివేయుచున్నారని ఆమె పక్షమువారి వాదము. చట్టము 1947లో వచ్చెను, రావలసినదే వచ్చెను. అయినను ఆమె మొరలో కొంత నిజము లేకపోలేదు. చట్టము వచ్చునాటికే ఆ స్త్రీలు కాపాడుకొనివచ్చిన పాటలు, పదములు, నాట్యము పెద్దయిండ్ల ముంగిళ్ళు చేరి గౌరవము పొందెను. వానిని నేర్పిన ముసలివారు పెక్కురు దారిద్ర్యమున మరుగుపడిరి.

పదియేండ్లకు పైగా గడచునప్పటికి తిరువయ్యారు తగవులు తమంతట తామే అలసిపోయెను. 1940 ప్రాంతమున పెద్దల మధ్యవర్తిత్వమున మూడు పక్షములును ఒక్కటయ్యెను. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవసభ యేర్పడెను. స్త్రీలును పురుషులతోపాటు సన్నిధిని పాడు హక్కు పొందిరి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్న కృతులను అందరును కలిసి ఒక్క గొంతుగ పాడు సంప్రదాయము ఆ కాలముననే స్థిరపడెను. నేడు వందలాది స్త్రీపురుషులు ఎదురెదురుగ కూర్చుండి పాడు దృశ్యమును చూచువారికి, అందొక వరుస చోటుకై ఒక స్త్రీ పదియేండ్లకు పైగా వెనుకభాగమున కూర్చుండెనని తోచదు.

చివరి సంవత్సరములలో ఆమె చెన్నపట్టణపు వైభవమును విడిచి తిరువయ్యారుననే నివసించెను. పట్టుచీరలు, రవ్వలకమ్మలు ధరించి సభలనేలిన విద్యాసుందరి, సాధారణవస్త్రములతో కోవెల ఊడ్చుచు, పువ్వులు కట్టుచు, త్యాగరాజస్వామి సేవకురాలనని చెప్పుకొనుచు కాలము గడపెను. త్యాగసేవాసక్త యను పేరు ఆమెకు అన్ని బిరుదములకంటె ఇష్టమైనది. తన ఆస్తినంతయు ధర్మసంస్థకు చెందునట్లు మరణశాసనము వ్రాసెను. అందు ఒక షరతు ఉంచుట మరువలేదు. స్త్రీలు ఆ సన్నిధిని పూజించుటకును, పాడుటకును ఎన్నటికిని ఆటంకము ఉండరాదన్నదే ఆ షరతు. మాటలపై వచ్చిన హక్కు మాటలతోనే పోవునని ఆమెకు తెలియును. అందువలన కాగితముపై పెట్టించెను.

1952 మే 19వ తేదీన, తన 74వ యేట, నాగరత్నమ్మ తిరువయ్యారున దేహము చాలించెను. ఆమెకును అచ్చటనే సమాధి కట్టిరి. స్వామి కోవెలకు ఎదురుగ, చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహము నేటికిని కలదు. ఒకప్పుడు వెనుకభాగమున కూర్చుండి పాడినది నేడు శాశ్వతముగ ఎదుటనే కూర్చున్నది.

వాగ్గేయకారుడు తన పాటల బలముచేతనే నిలుచునని మనము తలంతుము. చరిత్ర అట్లు చెప్పుట లేదు. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల కోవెలలో శతాబ్దములు పడియుండెను. వానిని వెలికిదీసి, చదివి, అచ్చువేయించిన పండితులు ఇరువదవ శతాబ్దమున లేకున్న, నేడు ఆయనను తమ యిష్టుడని చెప్పువారు ఎందరుందురు? ముద్దుపళని కావ్యమునకును, త్యాగరాజస్వామి సమాధికిని నాగరత్నమ్మ అట్టి పని చేసెను. ఒకటి తాళపత్రము, ఒకటి మట్టిదిబ్బ. రెండును లోకము చూచుచుండగనే పాడగుచుండెను. తనకు ఇష్టమైనవి యని ఆమె వానిని తలకెత్తుకొనెను; ఆ యిష్టమునకు మూల్యము తానే చెల్లించెను.

గ్రంథాలయము చేయు పనియు ఇదియే. ఇరువదియైదు సంవత్సరములుగ చందాదారుల అణాలతో, రూపాయలతో ఒక పల్లెలో పుస్తకములు నిలిచియున్నవనగా, ఎవరో చెదను దులిపిరి, ఎవరో అట్టలు కుట్టిరి, ఎవరో దీపము వెలిగించి తలుపు తెరచిరి. వారి పేర్లు పుస్తకముల అట్టలపై నుండవు. మన బాలబాలికలు త్యాగరాజు గొప్పయా, క్షేత్రయ్య గొప్పయా యని వాదించుకొన్నను మంచిదే. వాదము వినికిడిని పెంచును. అయితే ఇష్టమని చెప్పిన దానికై ఒక కృతినైనను శుద్ధముగ నేర్చుకొనుట, ఒక పాతప్రతినైనను చెదబారకుండ కాచుట, ఒక పాడువారికైనను చోటు చూపుట నేర్చుకొన్నచో, ఆ యిష్టము సార్థకమగును. విద్యాసుందరి జీవితము బోధించు పాఠమిది.